రక్తం పడితే మొలలేనా?



హైదరాబాద్‌లో తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా యూనివర్సిటీ వైపు నడిస్తే కరెంటు స్తంభాల మీద, ప్రహరీ గోడల మీద అంటించిన కాగితాలు కనిపిస్తాయి. హాస్టల్ గదులు, కోచింగ్ క్లాసులు, ప్రాజెక్టు టైపింగ్. వాటి మధ్య 'మొలలకు ఆపరేషన్ లేకుండా చికిత్స' అని ఒకటి, దాని కింద ఫోన్ నంబరు. మామూలు మొలలు ఉన్నవాళ్ల గురించి ఈవేళ నేను మాట్లాడటం లేదు. లివర్ జబ్బు ఉన్న మనిషి రక్తం చూసి భయపడి ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఏమవుతుందన్నదే నా బెంగ. లివర్ చెడినవాళ్లకు మలద్వారం నుంచి రక్తం పడితే అది మొల కాకపోవచ్చు. పురీషనాళం గోడలో ఉబ్బిన సిర పగిలి ఉండవచ్చు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. రక్తం ఎర్రగా పడుతుంది, నొప్పి ఉండదు. లోపల మాత్రం అవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ ఉబ్బిన సిరలను రెక్టల్ వేరిసెస్ అంటారు. కడుపు కొయ్యకుండా, మెడ దగ్గరో తొడ దగ్గరో ఒక సూది గాటుతో, లేదంటే ఎండోస్కోపీ గొట్టంతో, లోపలి నుంచే వీటిని మూసెయ్యగల పద్ధతులు ఇప్పుడు మన ఊళ్లో ఉన్నాయి. ఆ సంగతి చెప్పాలనే వచ్చాను. కానీ ఆ వైద్యం అందాలంటే ముందు ఇది ఏ రక్తమో ఎవరో ఒకరు గుర్తుపట్టాలి. మనం వెనకబడుతున్నది అక్కడే.

ఒక మనిషిని ఊహించుకుందాం. యాభై దాటిన వయసు. లాలాపేటలో ఇల్లు, సికింద్రాబాద్‌లో బట్టల దుకాణంలో పని. కొంతకాలం కిందట కాళ్లు వాచి, కడుపులో నీరు చేరితే స్కానింగ్ తీసి లివర్ గట్టిపడిందన్నారు. చీటీ మీద సిర్రోసిస్ అని రాశారు. నీరు దిగడానికి మాత్రలు వాడుతున్నాడు, ఉప్పు తగ్గించాడు. ఒకరోజు తెల్లవారుజామున బాత్రూమ్‌కు వెళ్తే బేసిన్ అంతా ఎర్రగా అయింది. నొప్పి లేదు. ఇంట్లో చెప్పడానికి మొహమాటం. మర్నాడు తగ్గినట్టే తగ్గి, ఆ తర్వాత మళ్లీ వచ్చింది. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్తే, "మొలలే అన్నా, వేడి చేసింది. మజ్జిగ బాగ తాగు, కారం మానెయ్" అని చెప్పి పూత మందు ఇచ్చాడు.

ఆ మాటలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. రక్తం పడుతోందని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా మొలలే ఉంటాయి. కాకపోతే ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు, ఈయనా చెప్పలేదు. 'నీకు లివర్ జబ్బు ఉందా?' ఈ ప్రశ్నకు జవాబు అవునంటే ఆ తర్వాత జరగాల్సిందంతా మారిపోతుంది. కడుపులో నీటికీ, కింద పడే రక్తానికీ సంబంధం ఉంటుందని ఆ మనిషికి తెలియదు. తెలియజెప్పాల్సింది మేమే, డాక్టర్లమే. నీరు దించే మాత్రలు రాసిచ్చిన రోజే ఆ మాట చెప్పి ఉండాలి.

సంబంధం ఎక్కడుందో చెబుతాను. పేగుల్లో, పొట్టలో, ప్లీహంలో తిరిగిన రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళంలో చేరి ముందు లివర్‌లోకి వెళ్తుంది. లివర్‌కు నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం చేరితే అందులో నాలుగింట మూడు వంతులు ఈ పోర్టల్ సిర తెచ్చేదే. ఆరోగ్యంగా ఉన్న లివర్ మెత్తగా ఉంటుంది కాబట్టి ఇంత రక్తమూ ఏ ఒత్తిడీ లేకుండా దాటిపోతుంది. పోర్టల్ సిరలో ఉన్న పీడనానికీ, లివర్ దాటాక ఉండే పీడనానికీ తేడా 5 మిల్లీమీటర్ల పాదరసానికి మించదు. సిర్రోసిస్‌లో లివర్ నిండా మచ్చకట్టిన కణజాలం, గడ్డలు. రక్తానికి దారి ఇరుకవుతుంది, వెనక పీడనం పెరుగుతుంది. తేడా 10 దాటితే కొత్త దారులు ఉబ్బడం మొదలవుతుంది. 12 దాటితే అవి పగిలే ప్రమాదం.

తార్నాక చౌరస్తా దగ్గర మెయిన్ రోడ్డు మూస్తే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు తెలుసు. ఉప్పల్ వైపు పోవాల్సిన ఆటోలూ కార్లూ వీధి నంబరు ఒకటిలోకీ, ఆ పక్క గల్లీల్లోకీ దూరతాయి. ఆ గల్లీలు అంత బరువు కోసం వేసినవి కావు. పోర్టల్ సిరకు ఉన్న పక్కదారులూ అంతే. అన్నవాహిక అడుగున, పొట్ట పైభాగంలో, బొడ్డు చుట్టూ, పురీషనాళంలో ఆ సిర కొమ్మలు మామూలు సిరల కొమ్మలతో కలుస్తాయి. పురీషనాళం పైభాగం రక్తం పోర్టల్ సిరలోకి, మధ్య, కింది భాగాల రక్తం కటి సిరల్లోకి పోతుంది. ఆ రెంటినీ కలిపే సన్నని సిరలు ఒత్తిడికి ఉబ్బి, మెలికలు తిరిగి, పేగు లోపొర కిందే తేలి ఉంటాయి. పోర్టల్ సిరలో కవాటాలు లేవు, వెనక్కి మళ్లే రక్తాన్ని ఆపేది ఏదీ లేదు.

అన్నవాహికలో సిరలు పగిలితే రక్తపు వాంతులవుతాయి, అది చూసి ఎవరైనా ఆసుపత్రికి పరుగెత్తుతారు. కింద పగిలితే మొలలనుకుంటారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లను జాగ్రత్తగా పరీక్షిస్తే ఇంచుమించు సగంమందిలో పురీషనాళంలో ఈ సిరలు కనబడ్డాయని లెక్కలున్నాయి. వాళ్లలో రక్తం కారేవాళ్లు తక్కువ, నూటికి ఐదుగురి లోపే. అరుదు కాబట్టే మరిచిపోతాం. డాక్టర్లమూ మరిచిపోతాం. ఇంకో సంగతి కూడా ఉంది. మన దేశంలో కొందరు పిల్లలకు చిన్నప్పుడే పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టి ఆ సిర మూసుకుపోతుంది. లివర్ బాగానే ఉంటుంది గాని సిరలు ఉబ్బుతాయి. వాళ్లలో ఈ పురీషనాళపు సిరలు సిర్రోసిస్ వాళ్లలో కంటే ఎక్కువగా కనబడతాయి. పదేళ్ల పిల్లవాడికి మొలలని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి, పరీక్ష చేయించండి.

మరి మొల అంటే ఏమిటి? మలద్వారం లోపల మెత్తని రక్తనాళాల దిండ్లు పుట్టుకతోనే అందరికీ ఉంటాయి. మలబద్ధకంతో ముక్కీ ముక్కీ అవి వాచి, జారి, రక్తం కారితే వాటినే మొలలంటాం. వాటికీ పోర్టల్ పీడనానికీ సంబంధం లేదు. పరీక్షలో తేడా తెలుస్తుంది. వేరిసెస్ నీలంగా, పాములా మెలికలు తిరిగి, మలద్వారం నుంచి పురీషనాళంలోకి పైదాకా పోతాయి. వేలితో నొక్కితే ఖాళీ అవుతాయి, వదిలితే మళ్లీ నిండుతాయి. మొలలు అలా అణగవు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు రెండూ కలిసి ఉండే అవకాశం ఉంది. వయసు మళ్లినవాళ్లలో పెద్దపేగు క్యాన్సరూ ఉండవచ్చు. అందుకే సిగ్మాయిడోస్కోపీ గాని, కొలనోస్కోపీ గాని చేసి కంటితో చూడటం తప్పనిసరి. అప్పటికీ అనుమానం తీరకపోతే చివర అల్ట్రాసౌండ్ అమర్చిన ఎండోస్కోపు ఉంటుంది. అది గోడ లోపల పారే రక్తాన్ని చూపిస్తుంది.

చూడకుండా కోస్తే ఏమవుతుంది? సిర్రోసిస్ ఉన్న మనిషిలో రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారయ్యేది లివర్‌లోనే, అవి తక్కువగా ఉంటాయి. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టేసుకుంటుంది. అటువంటి మనిషికి మొల అనుకుని వేరిసెస్ మీద కత్తి పెడితే, ఒత్తిడితో ఉన్న రక్తం కుట్లకు ఆగదు. పుండు మానదు. క్షారసూత్రమైనా, లేజరైనా, మందు ఇంజెక్షనైనా ఇదే మాట. మొలల వైద్యం చేసే ప్రతివాళ్లనూ చేతులు జోడించి అడుగుతున్నాను. చెయ్యి వేసే ముందు కళ్లలో పచ్చదనం, పొట్ట ఉబ్బు, కాళ్ల వాపు చూడండి, తాగుడు సంగతి అడగండి, పాత స్కానింగ్ కాగితాలు తెమ్మనండి.

రక్తం ఆగకుండా పడుతున్నా, కళ్లు తిరిగినా, చెమటలు పట్టి గుండె దడగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి. 2005లో ఈ హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసు అది. తార్నాక నుంచి ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి దూరమేమీ కాదు. రైల్వే కుటుంబాలకు లాలాగూడలో, ఆర్టీసీ కుటుంబాలకు తార్నాకలోనే ఆసుపత్రులున్నాయి. ఎక్కడికి వెళ్లినా క్యాజువాలిటీలో నోటి నుంచి రావాల్సిన మొదటి మాట, "ఈయనకు లివర్ జబ్బు ఉంది." మొలలు అనే మాట మీ నోట రానివ్వకండి. ఆ మాట వింటే పక్కన కూర్చోబెడతారు. పాత చీటీలు, వాడే మాత్రలు, ఆరోగ్యశ్రీకి సంబంధించిన కార్డు వెంట ఉంచుకోండి. ఏ చికిత్స దానికింద వస్తుందో అక్కడుండే ఆరోగ్యమిత్ర చెబుతారు.

ఆ మొదటి గంటల్లో జరిగేది బయటివాళ్లకు పెద్దగా కనబడదు గాని ప్రాణం నిలబెట్టేది అదే. రెండు చేతులకూ సెలైన్ దారులు పెడతారు. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. ఇక్కడ బంధువులు తరచూ ఒత్తిడి తెస్తారు, ఇంకో సీసా ఎక్కించండి, ఇంకో సీసా అని. లివర్ జబ్బులో రక్తం మరీ ఎక్కువ ఎక్కిస్తే పోర్టల్ పీడనం పెరిగి ఆగిన చోట మళ్లీ కారుతుంది. హిమోగ్లోబిన్‌ను 7, 8 గ్రాముల దగ్గర నిలబెట్టడం చాలు. టెర్లిప్రెసిన్, ఆక్ట్రియోటైడ్ లాంటి ఇంజెక్షన్లు పేగులకు వచ్చే రక్తాన్ని తగ్గించి పోర్టల్ పీడనాన్ని దించుతాయి. ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇస్తారు, రక్తం కారుతున్న సిర్రోసిస్ రోగికి ఇది అదనపు జాగ్రత్త కాదు, వైద్యంలో భాగమే. పేగులో నిలిచిన రక్తం కుళ్లి అమ్మోనియా పెరిగితే మనిషి మతి తప్పుతాడు, కాబట్టి లాక్టులోజ్ సిరప్ పోసి విరేచనం చేయిస్తారు. 'రక్తం పోతుంటే విరేచనాల మందేమిటి' అని కంగారు పడకండి.

ఇక లోపలి నుంచి మూసే పద్ధతులు. మొదటిది రబ్బరు బ్యాండు. దీని చరిత్ర నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. మొలల మొదట్లో చిన్న రబ్బరు రింగు బిగించి అవి రాలిపోయేలా చేసే పద్ధతిని 1963లో అమెరికా డాక్టరు జేమ్స్ బ్యారన్ ప్రచారంలోకి తెచ్చారు. రెండు దశాబ్దాల తర్వాత డెన్వర్‌లో గ్రెగ్ స్టీగ్‌మన్ దాన్ని ఎండోస్కోపుకు అమర్చి అన్నవాహిక సిరలకు వాడారు. అన్నవాహికలో రక్తం ఆపడానికి ప్రపంచమంతటా మొదట చేసే పని ఇప్పుడు అదే. పురీషనాళంలో సన్నని సిరలకు కూడా పనికొస్తుంది. పెద్ద సిరలకు మాత్రం బ్యాండు ప్రమాదం. సిర లావుగా ఉంటే రింగు దాన్ని మొత్తం పట్టుకోదు. కొద్ది రోజులకు రింగు జారి పుండు పడుతుంది, పుండు అడుగున సిర తెరుచుకునే ఉంటుంది.

అందుకే లావైన సిరలకు జిగురు. సయనోఅక్రిలేట్ అనే ద్రవాన్ని సిరలోకి ఎక్కిస్తే రక్తం తగలగానే క్షణాల్లో గట్టిపడి సిరను నింపేస్తుంది. జర్మనీలో సోహెంద్ర 1986లో పొట్టలోని సిరలకు దీన్ని వాడి చూపించారు. చిక్కేమిటంటే రక్తం ఉరవడిగా ఉంటే జిగురు గట్టిపడేలోపే కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో చేరవచ్చు. దీనికి విరుగుడుగా వచ్చిందే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ పద్ధతి. చివర అల్ట్రాసౌండ్ ఉన్న గొట్టంతో సిరను గోడ అవతలి నుంచే చూస్తూ, సూది గుండా ముందు సన్నని లోహపు కాయిల్‌ను సిరలో వదులుతారు. కాయిల్‌కు నూగులాంటి పోగులుంటాయి, రక్తం వాటిని పట్టుకుని గడ్డకడుతుంది. ఆపైన కొద్దిగా జిగురు వేస్తే కాయిల్ దాన్ని పట్టి ఉంచుతుంది, అది ఎటూ పోదు. పని అయ్యాక అదే గొట్టంతో సిరలో రక్తం ఆగిందా లేదా అన్నది అక్కడికక్కడే చూడవచ్చు. ఎండోస్కోపీలో హైదరాబాద్‌కు ప్రపంచంలో ఒక స్థానం ఉంది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించి, ఎందరో యువ డాక్టర్లకు ఈ పనిలో తర్ఫీదు ఇచ్చిన డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలో. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. ఈ నైపుణ్యం కోసం ఊరు దాటి పోవాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఇదంతా.

ఎండోస్కోపీతో ఆగకపోతే, ఆగినా మళ్లీ మళ్లీ వస్తుంటే, ఎక్స్‌రే తెర చూస్తూ రక్తనాళాల గుండా వైద్యం చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ డాక్టర్లు వస్తారు. వాళ్లు చేసే పెద్ద పని టిప్స్. మెడ కుడివైపు సిరలోకి సూది వేసి, సన్నని గొట్టాన్ని గుండె పైగది మీదుగా లివర్ సిరలోకి దింపుతారు. అక్కడి నుంచి వంపు తిరిగిన సూదితో లివర్ కండలోంచి పొడిచి పోర్టల్ సిర కొమ్మను అందుకుంటారు. కంటికి కనబడని సిరను గట్టిపడిన లివర్ లోపలి నుంచి వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకున్న దారిని బెలూన్‌తో వెడల్పు చేసి, పొర తొడిగిన లోహపు స్టెంట్ అమరుస్తారు. వెడల్పు 8 నుంచి 10 మిల్లీమీటర్లు. రక్తం లివర్ అడ్డును దాటుకుని నేరుగా గుండె వైపు పోతుంది, పోర్టల్ పీడనం అప్పటికప్పుడు దిగుతుంది. కావాలంటే అదే దారిలో కిందికి దిగి, పురీషనాళానికి రక్తం పంపే సిరలో కాయిల్స్ కూడా పెట్టి వస్తారు. ఈ ఊహ జోసెఫ్ రోష్‌ది. 1969లో ఆయన జంతువుల్లో చేసి చూపించారు. మనిషిలో లోహపు స్టెంట్‌తో చెయ్యడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది, అది జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో. కొత్తలో స్టెంట్లు పూడుకుపోయేవి. పొర తొడిగినవి వచ్చాక ఆ బాధ బాగా తగ్గింది.

టిప్స్ అందరికీ చెయ్యలేం. పేగుల రక్తం లివర్‌ను తప్పించుకుని పోతుంది కాబట్టి అమ్మోనియా మెదడుకు చేరుతుంది. చేయించుకున్నవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి మతిమరుపు, పగటి నిద్ర, రాత్రి మెలకువ, చేతులు ఆడటం లాంటివి వస్తాయి. చాలావరకు మందులతో అదుపులోకి వస్తాయి. కామెర్లు బాగా ముదిరినవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది మేలు కంటే కీడే చేస్తుంది. అటువంటివాళ్లకు ఇంకో దారి ఉంది. 1990లలో జపాన్ వైద్యులు పొట్టలోని సిరల కోసం తీర్చిదిద్దిన పద్ధతి అది. తొడ దగ్గరో, మెడ దగ్గరో సిరలోంచి గొట్టం పంపి, ఉబ్బిన సిర బయటికి పోయే చోట బెలూన్ ఉబ్బించి దారి మూస్తారు. ఆ నిలిచిన రక్తంలోకి నురుగులా కలిపిన మందు ఎక్కిస్తే సిర లోపలి గోడ కాలి, గడ్డకట్టి, ముడుచుకుపోతుంది. పురీషనాళం సిరలకు బయటికి పోయే దారులు చాలా ఉంటాయి, ఒక్క బెలూన్‌తో అన్నిటినీ మూయలేకపోవచ్చు. అప్పుడు ఎదురుగా, పక్కటెముకల మధ్య నుంచి లివర్‌లోకి సూది వేసి పోర్టల్ సిర వైపు నుంచే వచ్చి మూస్తారు. కడుపులో నీరు బాగా ఉంటే ఈ సూది దారి ప్రమాదం, ముందు నీరు తీయాలి. ఇంకో ఇబ్బంది, పక్కదారి మూసేస్తే పోర్టల్ పీడనం పెరుగుతుంది. కింద ఆగిన రక్తం పైన అన్నవాహికలో పగలవచ్చు, కడుపులో నీరు పెరగవచ్చు. అందుకే ఈ పని చేశాక పై ఎండోస్కోపీ చేయించడం మానకూడదు.

ఏది మంచిది అని నన్ను అడుగుతుంటారు. జబ్బు అరుదు కావడం వల్ల వందలమంది రోగులను రెండు జట్లుగా విడదీసి పోల్చిన పెద్ద పరీక్షలు దీనికి లేవు. ఉన్నవి చిన్న చిన్న అనుభవాల సంకలనాలు. కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. రక్తం కారుతున్న చోటు కనబడుతూ, సిర ఒక మాదిరిగా ఉంటే ఎండోస్కోపీ. సిర లావుగా ఉంటే కాయిల్, జిగురు. మళ్లీ మళ్లీ కారుతూ, పైన కూడా సిరలుండి, లివర్ ఇంకా కొంత పనిచేస్తుంటే టిప్స్. లివర్ బాగా నీరసించి ఉంటే సిరను మాత్రం మూసే పద్ధతి. ఈ నిర్ణయం ఒక్క డాక్టరు తీసుకునేది కాదు. కడుపు జబ్బుల డాక్టరు, రేడియాలజీ డాక్టరు, లివర్ సర్జన్ ఒకచోట కూర్చుని సీటీ స్కాన్ ముందు పెట్టుకుని తీసుకోవాల్సింది. ముగ్గురూ ఉన్న ఆసుపత్రికి వెళ్లమనే చెబుతాను.

సిరను మూసినంత మాత్రాన దాని వెనక ఉన్న ఒత్తిడి పోదు. అన్నవాహికలో కూడా సిరలు ఉబ్బి ఉంటే సాధారణంగా కార్వెడిలాల్ లాంటి మాత్రలు ఇస్తారు, పోర్టల్ పీడనం దిగుతుంది. అంతకంటే ముఖ్యం, లివర్‌ను చెడగొట్టినదాన్ని పట్టుకోవడం. మద్యమైతే పూర్తిగా మానాలి, తగ్గించడం కాదు. మానినవాళ్లలో కొందరికి నెలల్లో లివర్ కొంత కోలుకుని సిరలు చిన్నవవడం నేను చూశాను. షుగరు, స్థూలకాయంతో వచ్చే కొవ్వు లివరైతే బరువు తగ్గాలి. హెపటైటిస్ సి అయితే నోటిమాత్రలతోనే పూర్తిగా నయమవుతుంది. ఆ మాత్రల్లో ఒకటైన సోఫోస్బువిర్‌ను 2015 నుంచి హైదరాబాద్ కంపెనీలే తయారు చేస్తున్నాయి. హెపటైటిస్ బి పూర్తిగా పోకపోయినా ఎంటెకవిర్, టెనోఫోవిర్ మాత్రలతో అణిగి ఉంటుంది. చెట్టు మందు, పసరు మందు అంటూ కామెర్లకు ఏదో ఒకటి తాగించే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అప్పటికే దెబ్బతిన్న లివర్‌కు అది రెండో దెబ్బ.

హెపటైటిస్ బి అన్నప్పుడు తార్నాకవాళ్లు గర్వపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో ఆ వ్యాక్సిన్ విదేశాల నుంచే వచ్చేది, మామూలు కుటుంబాలు కొనలేని ధర. దాన్ని ఇక్కడే తయారు చేయాలని పూనుకున్న వరప్రసాద్‌రెడ్డిగారు వైద్యుడు కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. తల్లి పేరుతో 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఆ పరిశోధన తొలినాళ్లు గడిచింది ఉస్మానియా క్యాంపస్‌లో, తర్వాత ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పరిశోధన సంస్థ సీసీఎంబీలో. 1997లో శాన్‌వాక్-బి బయటికొచ్చింది. జన్యు ఇంజినీరింగ్‌తో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి వ్యాక్సిన్ అది. దాంతో ధర దిగివచ్చింది. 2011 నాటికి దేశమంతటా పసిపిల్లల టీకాల్లో హెపటైటిస్ బి చేరింది. ఈ రోజు క్యాంపస్‌లో చేరుతున్న పిల్లలు ఆ టీకా వేయించుకున్న తొలి తరాలవాళ్లు. వాళ్లలో హెపటైటిస్ బి వల్ల ఈ సిరలు పగిలే పరిస్థితి వచ్చేవాళ్లు చాలా తక్కువమంది ఉంటారని నా నమ్మకం. అయితే వాళ్ల తల్లిదండ్రులకు ఆ టీకా లేదు. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉంటే భార్య, భర్త, పిల్లలు, తోబుట్టువులు అందరూ రక్తపరీక్ష చేయించుకుని, లేనివాళ్లు టీకా వేయించుకోవాలి. పెద్దవాళ్లకైనా ఆలస్యం కాదు.

పథ్యం సంగతి చెప్పకుండా వెళ్లలేను. లివర్ జబ్బు అనగానే మన ఇళ్లలో పప్పు ఆపేస్తారు, గుడ్డు, పెరుగు ఆపేస్తారు, చారూ అన్నంతో నెలలు గడుపుతారు. మనిషి కండ కరిగిపోతుంది. అమ్మోనియాను లివర్ వదిలించలేనప్పుడు ఆ పని కొంత కండ చేస్తుంది, ఆ కండే పోతే మతి తప్పడం ఇంకా ఎక్కువవుతుంది. ఉస్మానియా గేటుకు దగ్గర్లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. మన తిండిలో దేనిలో ఎంత ప్రోటీన్ ఉందో పట్టికలుగా అచ్చువేసింది. సిర్రోసిస్ ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కావలసినదానికంటే ఇది ఎక్కువ. పప్పు, పెరుగు, గుడ్డు, ఇష్టమైతే చేప, అన్నీ పెట్టండి. రాత్రి పడుకునే ముందు ఏదైనా తినాలి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే పొద్దుటికి శరీరం తన కండనే తినేస్తుంది. ఆపాల్సింది పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు. వాటిలో ఉండే ఉప్పు కడుపులో నీటిని పెంచుతుంది. మలబద్ధకం రానివ్వకూడదు. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు కొనుక్కోకూడదు. రక్తం కారడానికీ, కిడ్నీలు చెడటానికీ అవే కారణమవుతుంటాయి.

ఆడవాళ్ల గురించి ఒక మాట. వాళ్లు ఈ రక్తాన్ని ఎక్కువకాలం దాస్తారు. నెలసరి అనుకుంటారు, కాన్పు నాటి మొలలనుకుంటారు, మగ డాక్టరు చూస్తాడేమోనని వెనకాడతారు. ఆడ డాక్టరు కావాలని అడిగే హక్కు మీకుంది, పరీక్షకు వెళ్లినప్పుడు మీ అక్కనో, వదిననో లోపల ఉండనివ్వమని అడగండి. ఇంట్లో మగవాళ్లు అడగాలి కూడా. "అమ్మా, రక్తం ఏమైనా పడుతోందా?" అని లివర్ జబ్బు ఉన్న తల్లిని కొడుకు అడగడంలో తప్పేమీ లేదు.

రక్తం ఆగి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే రోజు ప్రతివాళ్లూ అడుగుతారు, "మళ్లీ వస్తుందా సారూ?" అని. రావచ్చు. లివర్ అలాగే ఉంటే పీడనం అలాగే ఉంటుంది, ఇంకో సిర ఉబ్బుతుంది. అందుకే కొన్ని వారాల్లో మళ్లీ చూపించుకోవాలి. మూసిన సిర మూసుకునే ఉందో లేదో, అన్నవాహికలో ఏముందో చూస్తారు. టిప్స్ చేయించుకున్నవాళ్లకు స్టెంట్‌లో రక్తం పారుతోందో లేదో డాప్లర్ స్కాన్‌తో చూస్తారు. ఆ రోజే ఇంకో ప్రశ్న మీరు అడగాలి, "లివర్ మార్పిడి గురించి ఇప్పుడే ఆలోచించాలా?" ఇలా రక్తం కారడమంటే లివర్ శక్తి తగ్గిపోతోందని గుర్తు. మార్పిడికి తగినవాళ్లయితే, జీవన్మృతుల అవయవాల కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయిన ఉస్మానియాలో కూడా లివర్ మార్పిడులు జరిగాయి. ఇంట్లో ఎవరైనా ఇవ్వగలిగితే వాళ్ల పరీక్షలకు వారాలు పడుతుంది. మనిషి తిరుగుతూ, తింటూ ఉన్నప్పుడే ఆ పరీక్షలు మొదలుపెట్టాలి. ఇంకోసారి రక్తం పడేదాకా ఆగకండి.